ఇంటి లెక్కలు: రెండు గుఱ్ఱముల బండి



వాహనము కొనుట యొకనాటి పని. దానిని పోషించుట యేండ్ల తరబడి పని. కొనునాడు ఇంటిల్లిపాదియు గుమిగూడుదురు. రంగెట్లున్నది, వేగమెంత, పొరుగింటివారి దానికన్న మెఱుగేనా యని చర్చలు సాగును. మఱునాటినుండి పెట్రోలునకెంత, నూనెకెంత, టైర్లకెంత యని చిట్టాలో వ్రాసికొనువారము మాత్రము సాధారణముగా మనమే. కావున ఈ మాసము ఈ శీర్షికలో ఒక కారు లెక్కను విప్పి చూపదలచితిమి. అది మన దేశపు కారు గాదు. ఫ్రాన్సు దేశమున 1948వ సంవత్సరమునందు వెలువడి, 1990వ సంవత్సరమువఱకు తయారగుచు వచ్చిన సిట్రోయెన్ వారి ‘డ్యూ షెవో’. ఆ మాటకు ‘రెండు గుఱ్ఱములు’ అని యర్థము.

పాఠకురాండ్రు దానిని కొనవలెనని మా యభిప్రాయము కాదు. పోషణకగు ఖర్చును ముందుగా లెక్కించి, ఆ లెక్కకు లోబడునట్లు యంత్రమును నిర్మించిన సందర్భము లరుదు. ఈ చిన్నకారు కథ యట్టిది. దానినుండి మన చిట్టాలకు బనికివచ్చు పాఠములు కొన్ని కలవు.

పుట్టుక

ఆంద్రె సిట్రోయెన్ అనునాయన 1919లో తన పేరిట కార్లను తయారుచేయ నారంభించెను. ఆయన నేర్పరి, సాహసి. అయితే ఖర్చున కళ్ళెము లేనివాడు. 1934లో ఆ సంస్థ దివాలా తీసెను. టైర్లు తయారుచేయు మిషెలిన్ కుటుంబమువారికి అందుండి రావలసిన బాకీ పెద్దది. వారే సంస్థను చేపట్టిరి. మఱుసటి యేట ఆంద్రె సిట్రోయెన్ కాలధర్మము నొందెను. క్రొత్త యజమానుల పక్షమున కార్యభారమును వహించినవారిలో ముఖ్యుడు పియెర్ జూల్ బూలాంజె.

ఆ కాలమున ఫ్రెంచి పల్లెలలో సంతకు బోవు రైతునకు గుఱ్ఱపుబండియే గతి. కారు పట్టణవాసుల వస్తువుగను, ధనికుల వస్తువుగను ఉండెడిది. బూలాంజె తన శిల్పుల ముందుంచిన కోరిక లివి: ఇద్దఱు రైతులును 50 కిలోల బంగాళాదుంపలును పట్టవలెను; గంటకు 60 కిలోమీటర్లు పోవలెను; నూఱు కిలోమీటర్లకు 3 లీటర్లకు మించి పెట్రోలు త్రాగరాదు; గ్రుడ్ల గంపను ఉంచుకొని దున్నిన చేని కడ్డముగా నడిపినను ఒక్క గ్రుడ్డైనను పగులరాదు; క్రొత్తగా నేర్చినవారు సయితము తడబాటు లేక నడపగలుగవలెను. కారు చూపునకెట్లున్నను ఆయనకు బట్టింపు లేదు. తలపై టోపీతో గూర్చుండినను పైకప్పు తగులరాదని మాత్రము పట్టుబట్టెను. ఒక గృహస్థునకు కావలసిన దేమి, అక్కఱలేని దేమి యని విడదీసి చూచుటయే యీ పట్టిక సారము.

1939 ఆగస్టు నాటికి పరీక్షార్థము 250 కార్లు సిద్ధమయ్యెను. అక్టోబరులో పారిస్ ప్రదర్శనమునం దుంచవలెనని తలచిరి. సెప్టెంబరు 3వ తేదీన ఫ్రాన్సు యుద్ధము ప్రకటించెను. జర్మనులు దేశము నాక్రమించిన పిదప, ఈ నమూనాలు శత్రువుల చేతికి జిక్కరాదని సంస్థవారు చాలవఱకు నాశనము చేసిరి, కొన్నిటిని దాచిరి. 1994లో ఒక కొట్టమునుండి అట్టి కార్లు మూడు బయటపడినవి. అందాక రెండే మిగిలినవని యెంచుచుండిరి.

యుద్ధము ముగిసి, కారును తిరిగి తీర్చిదిద్ది, 1948 అక్టోబరు 7వ తేదీన పారిస్ ప్రదర్శనమున జనులకు జూపిరి. బూడిద రంగు, పలుచని రేకు, పైకప్పునకు బదులు చాపవలె చుట్టబెట్టుటకు వీలైన గుడ్డ. విలేకరులు పలువురు రేకు డబ్బా యని నవ్విరి. కొనగోరువారు మాత్రము బారులు తీరిరి. 1949లో తయారైన కార్లు 876; 1950లో 6,196. పేరు నమోదు చేసికొన్న పిదప మొదట మూడేండ్లు, తరువాత నైదేండ్లు వేచియుండవలసి వచ్చెను. వేచియుండ నక్కఱ లేనందున, చేతులు మాఱిన పాతకారు క్రొత్తదానికన్న హెచ్చు వెలకు అమ్ముడుపోయెను. వృత్తిరీత్యా ఊరూర తిరుగవలసిన పల్లె వైద్యులకు, మంత్రసానులకు, పశువైద్యులకు, మతగురువులకు, చిన్న రైతులకు ముందుగా నిచ్చు నియమము పెట్టిరి. అర్ధరాత్రమున పొరుగూరికి బురుడు పోయ బోవలసిన స్త్రీకి ఈ రేకు డబ్బా యెంత మేలు చేసియుండునో ఊహింపుడు. తన తలంపు ఫలించుట చూచిన కొలది కాలమునకే, 1950 నవంబరులో, బూలాంజె కారు ప్రమాదమున మరణించెను.

ఒక చిన్న ముచ్చట. ఖర్చు తగ్గించుటకై, త్రాడు లాగి ఇంజనును కదల్చు నేర్పాటు చాలునని బూలాంజె మొదట తలచెను. కార్యాలయమున పనిచేయు నొక స్త్రీచేత లాగించి చూడగా ఆమెకు సాధ్యము కాలేదనియు, అందువలన విద్యుత్తుతో కదలు ఏర్పాటు చేర్చిరనియు చెప్పుదురు. కథ యెట్లున్నను, అమ్మకమునకు వచ్చిన కారున ఆ యేర్పాటుండెను. పొదుపునకు గూడ నొక హద్దు కలదు. ఇంటిలోని సగముమంది వాడలేని వస్తువు ఎంత చవుకయైనను చవుక కాదు.

ఇంజను

ఈ ఇంజనును రూపొందించినవాడు వాల్టర్ బెక్కియా. కారు ఆకారమును దిద్దినవాడు ఫ్లామినియో బెర్టోని. ఇరువురును ఇటలీలో బుట్టినవారే. ఇంజనునం దున్నవి రెండే సిలిండర్లు. ఒకటి కుడివైపునకు, ఒకటి ఎడమవైపునకు పరుండియుండును. ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగా గూర్చుండి యొకే తిరుగలిని త్రిప్పునట్లు, రెండు పిస్టనులు ఒకదానికొకటి యెదురుగా నాడుచు నడిమి యిరుసును త్రిప్పును. ఒకదాని కుదుపును వేఱొకటి అణచును.

వేడిపాలు చల్లార్చుటకు మనకు రెండు మార్గములు తెలియును: గిన్నెను నీళ్ళలో నుంచుట యొకటి, విసనకఱ్ఱతో విసరుట యొకటి. తక్కిన కార్లలో అధికభాగము మొదటి మార్గమున బోవును. అందులకు నీళ్ళు, రేడియేటరు, నీళ్ళ పంపు, రబ్బరు గొట్టములు కావలెను. ఈ కారు రెండవ మార్గము త్రొక్కినది. ఇంజను ముందుభాగమున నొక పంకా తిరుగుచు, సిలిండర్లచుట్టు నున్న లోహపు రెక్కలపైకి గాలిని దోలును. నీళ్ళు లేవు గనుక శీతకాలమున గడ్డకట్టవు, వేసవిని మఱుగవు. సిలిండరు తలకును మొండెమునకును నడుమ నుంచు గాస్కెట్టు లేదు. నిప్పురవ్వను పంచిపెట్టు డిస్ట్రిబ్యూటరు లేదు. రెండు స్పార్కు ప్లగ్గులు నొకేమాఱు వెలుగును. లేని భాగము చెడదు. చెడని భాగమునకు మరమ్మతు ఖర్చు లేదు.

మొదటి యింజను 375 ఘన సెంటీమీటర్లది; దాని బలము 9 అశ్వశక్తులు. 1954లో 425 ఘన సెంటీమీటర్ల ఇంజను 12 అశ్వశక్తులతో వచ్చెను. 1970లో 435 ఘన సెంటీమీటర్లదియు, 602 ఘన సెంటీమీటర్లదియు వెలువడెను. చివరి కార్లలో నున్నది 602 ఘన సెంటీమీటర్లదే. దాని బలము 29 అశ్వశక్తులు. మొదటి కారు గంటకు 65 కిలోమీటర్లు పోవ గష్టపడెడిది. చివరిది 110 దాటగలిగెడిది.

ఇంత చిన్న యింజను మన్నునా యని సందేహింతురేమో. 1958, 1959 సంవత్సరములలో జాన్-క్లోద్ బోదో, జాక్ సెగెలా అను నిద్దఱు ఫ్రెంచి యువకులు ఈ కారులోనే ప్రపంచమును చుట్టి, లక్ష కిలోమీటర్లు ప్రయాణించిరి. ఎడారిలో గేరుపెట్టె నూనె కారిపోగా, అరటిపండ్లను చిదిమి అందు నింపి ఊరు చేరిరని కూడ చెప్పుకొందురు. అయితే మన యింటి బండికి అట్టి వైద్యము చేయుడని మేము సలహా యియ్యము.

పేరులోని ‘రెండు గుఱ్ఱములు’ ఇంజను బలమును దెలుపునవి కావు. అది పన్ను లెక్క. ఫ్రాన్సున కార్లకు పన్ను విధించుటకై యొక విధమైన అశ్వశక్తి కొలమానము కలదు. మొదటి కారు ఆ కొలతలో రెండు గుఱ్ఱములదయ్యెను. 1956లో అచ్చటి ప్రభుత్వము ఏటేట చెల్లించు వాహనశుల్కమును బెట్టినప్పుడు, అల్పసంఖ్య గల కార్లకు అల్పశుల్కమే తగిలెను. గృహస్థుల కార్లకు ఆ శుల్కమిప్పుడు లేదు. 602 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చిన పిదప పన్నుల యధికారులు దానిని మూడు గుఱ్ఱములుగా లెక్కించిరి. పేరున మాత్రము రెండే నిలిచినవి.

పోషణవ్యయము

ఇప్పుడు చిట్టా తీయుదము. మొదటి పద్దు పెట్రోలు. బూలాంజె కోరినది నూఱు కిలోమీటర్లకు 3 లీటర్లు. అమ్మకమునకు వచ్చిన కారు త్రాగినది 4 మొదలు 5 లీటర్లు. 602 ఇంజను కారు సుమారు 6 లీటర్లు త్రాగును. ఆశ పెరిగినకొలది ఖర్చు పెరిగినది.

మన దేశమున లీటరునకెన్ని కిలోమీటర్లని యడుగుదుము. ఫ్రెంచివారు నూఱు కిలోమీటర్లకెన్ని లీటర్లని యడుగుదురు. రెండును ఒకటే గదా యని యనుకొనవచ్చును. ఇంటి లెక్కకు ఫ్రెంచివారి పద్ధతియే మేలు. నెలకు 500 కిలోమీటర్లు తిరుగు కుటుంబమును దీసికొందము. లీటరునకు 10 కిలోమీటర్లు పోవు కారునకు 50 లీటర్లు కావలెను. 20 పోవు దానికి 25 లీటర్లు. 30 పోవు దానికి 17 లీటర్లకు కొంచెము లోపు. పదినుండి యిరువదికి మాఱిన మిగులునవి 25 లీటర్లు. ఇరువదినుండి ముప్పదికి మాఱిన మిగులునవి 8 లీటర్లు మాత్రమే. రెండింటను పెరిగినది పదే. లాభములో మూడురెట్ల భేదము. ‘లీటరునకింకను పది కిలోమీటర్లెక్కువ’ యని దుకాణదారుడు చెప్పినప్పుడు, దేనిమీద నెక్కువ యని యడిగి, నెలకెన్ని లీటర్లు మిగులునో తమ యూరి ధరతో గుణించి చూచుకొనుడు. ఆ మిగులు ఎన్నేండ్లకు అదనపు వెలను దీర్చునో తెలియును.

రెండవ పద్దు నూనె, గ్రీజు. ఈ యింజనునకు బట్టు నూనె రెండు లీటర్లకు కొంచెము పైన. సుమారు 5,000 కిలోమీటర్లకొకమాఱు మార్చవలెను. గాలితో జల్లబడు యింజను గనుక నూనెకు గూడ వేడిమిని మోయు పని కలదు. మార్చుట మఱచిన నష్టము పెద్దది. ముందు చక్రములు మరలుచోట నున్న కీళ్ళకు తఱచుగా గ్రీజు పెట్టవలెను. గ్రీజునకగునది కొలది పైకము. సోమరితనముచే నది మానినవారు కీళ్ళరిగిన పిదప దానికెన్నో రెట్లు చెల్లించుకొందురు.

మూడవ పద్దు టైర్లు. ఈ కారు టైరు వెడల్పు 125 మిల్లీమీటర్లే. మొదటి కారు బరువు 500 కిలోలకు లోపు. బరువు తక్కువైన, టైర్లు, బ్రేకులు, పెట్రోలు మూడును తక్కువ యరుగును. ఒక్క బరువు తగ్గించుటచే మూడు పద్దులు తగ్గుట చూచితిరా!

నాలుగవ పద్దు మరమ్మతు. చక్రములమీది రేకులు కొన్ని మఱలు విప్పిన నూడివచ్చును; కుర్చీలు సయితము తీసి బయట వేసికొని కూర్చుండవచ్చును. సొట్టపడిన రేకు నొకదానినే మార్చుకొనుటకు వీలున్నది. అయితే అన్నియు సులభములని భ్రమపడరాదు. నిప్పురవ్వను నియమించు పాయింట్లు పంకా వెనుక దాగియుండును; వస్తువు చవుకయే గాని, దానిని జేరుటకు పంకాను ఊడదీయవలెను. ఇంజను నడిమి యిరుసును కర్మాగారమున అతిశీతలము చేసి బిగించిరి. అది చాలకాలము మన్నును గాని, చెడినచో పల్లె మేస్త్రీ బాగుచేయజాలడు. కావున ఏ యంత్రము కొన్నను, ఏ భాగము ఊరిలో బాగగును, ఏది పట్టణమునకు బోవలెను అని ముందే విచారింపవలెను.

ఐదవ పద్దు తుప్పు. చాలమంది దీనిని చిట్టాలో వ్రాయనే వ్రాయరు. కారు అడుగున దూలమువంటి యినుప చట్రము కలదు. అది లోపల బోలుగా నుండును. తడి లోనికి జేరి, ఇంటి దూలమును చెదలు తినునట్లు, పైకి కనబడకుండ తినివేయును. మీద రంగు నిగనిగలాడుచుండును. క్రింద బలము పోయియుండును. నేడు పాతకారు కొనువారు తుప్పుపట్టని జింకు పూత పూసిన క్రొత్త చట్రమును వేయించుకొనుట పరిపాటి. అందుకగు పైకము, అన్ని యేండ్లుగా పెట్రోలున మిగిలించిన పైకమును మ్రింగివేయగలదు.

నేటి మాట

1973లో చమురు ధరలు మండిపడినప్పుడు, పాతబడినదని జనులు ప్రక్కకు నెట్టిన యీ కారునకు గిరాకి తిరిగి పెరిగెను. కాని కాలము మాఱెను. వాయుకాలుష్య నియమములు, ప్రమాద రక్షణ నియమములు కఠినమయ్యెను. పారిస్ చెంతనున్న లెవల్లోవా కర్మాగారము 1988లో మూతపడెను. పోర్చుగలు దేశమున మంగ్వాల్డ్ కర్మాగారమున 1990 జూలై 27వ తేదీన చివరి కారు వెలువడెను. మొత్తము 38 లక్షలకు పైగా తయారైనవి. సరకు బండ్లను గూడ చేర్చిన 50 లక్షలు మించును.

నేడది పేదల బండి కాదు, ప్రియముగా దాచుకొను పాతవస్తువు. ఫ్రాన్సున ముప్పది యేండ్లు దాటిన వాహనములకు ప్రత్యేకపు నమోదు కలదు. అట్లు నమోదైన వానిని రెండేండ్లకు గాక ఐదేండ్లకొకమాఱు తనిఖీ చేయించిన చాలును. 1960కి ముందటి వానికి ఆ తనిఖీయు లేదు. ఇన్ని సౌకర్యములున్నను, దినదినము పిల్లలను బడికి దింపుటకు ఇది తగిన కారని మేము చెప్పజాలము. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు 1981లో గాని రాలేదు. ప్రమాదమున రక్షించు గాలితిత్తులు లేవు. ఆ పలుచని రేకు గ్రుడ్లను గాపాడుటకు జాలును గాని, నేటి రహదారిమీది వేగములనుండి బిడ్డలను గాపాడజాలదు. బూలాంజె పట్టికయందు ప్రాణరక్షణమునకు వేఱుగా నొక పంక్తి లేదు. అది 60 కిలోమీటర్ల వేగపు కాలము. మన పట్టికయందు ఆ పంక్తి తప్పక యుండవలెను, దానియెదుట పొదుపు అను మాట వ్రాయరాదు.

సోదరీమణులారా! ఇంట స్కూటరో, కారో, కడకు నీళ్ళ మోటారో కొనదలచినప్పుడు, చిట్టాలో నొక పుట విడిచి ముందుగా నివి వ్రాయుడు: నెలకు మన వాడుక యెంత, ఆ వాడుకకు పెట్రోలు గాని విద్యుత్తు గాని యెంత, ఏటేట నూనె, టైర్లు, బీమా, పన్ను యెంత, ఊరిలో బాగుకానివేవి, కంటికి కనబడక చెడునదేది, ఇంటిలోని వారందఱు వాడగలరా, ప్రాణమునకు భద్రమా. తెలియని గడిని ఖాళీగా నుంచి, అమ్మువానినే యడిగి నింపుడు. మగవారు తొందరపడిన, పల్లె మంత్రసాని యైదేండ్లు వేచియుండి కొన్న కారు కథ చెప్పుడు. పుట నిండిన పిదప, ఏ రంగు కొనవలెనో తీరికగా చర్చింపవచ్చును.